పడవ పొట్టలో నీళ్లు

మా మనవడు కయాక్ పడవ అడుక్కి ఎంసీల్ ముద్ద పూశాడు. రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున్నే నన్ను మేడ మీదికి లాక్కుపోయి "తాతా, ఇగ చుక్క నీళ్లు కూడా పోవు, చూడు" అన్నాడు. నేను గోరు పెట్టి ఓ అంచు లేపాను. పూసిందంతా ఒక్క పెచ్చుగా ఊడి చేతిలోకి వచ్చింది. వాడి మొహం చూడాలి! ఎంసీల్‌ని తిట్టి లాభం లేదు. చెక్కకీ ఇనుముకీ సిమెంటుకీ అది బాగానే పట్టుకుంటుంది. వీడి పడవ పాలిథీన్‌ది. పాలిథీన్ దేన్నీ తన మీద నిలవనివ్వదు.

హైదరాబాదులో ఉప్పల్, నాచారం మనుషులకి పడవలతో ఏం పని అని నవ్వకండి. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన గుర్తుంది కదా? చెరువులు పొంగి హబ్సిగూడ, రామంతాపూర్ వీధులు రోజుల తరబడి నీళ్లలో నానాయి. నగరంలో మునిగిన కాలనీల్లోకి పడవలేసుకుని పోయి జనాన్ని బయటికి తెచ్చారు. అదలా ఉంచినా, ఉప్పల్‌కి నల్లచెరువు ఉంది, నాచారానికి పెద్దచెరువు ఉంది, కాస్త దిగితే మూసీ ఉంది. వాటి నీళ్లలో ఇప్పుడు గాలం వేయాలంటే ముక్కు మూసుకోవాలి కాబట్టి మా వాడూ వాడి దోస్తులూ కయాక్‌ని కారు నెత్తికి కట్టుకుని కొర్రమీను కోసం దూరం పోతారు. పోయి, పొద్దంతా తిరిగి, ఇంటికొచ్చాక పడవ ఎత్తితే లోపల గుడగుడమని చప్పుడు. నీళ్లు ఎట్లా పోయాయో వాడికి తెలియదు. అక్కడ మొదలైంది ఈ పంచాయతీ.

ముందు ఆ పడవ దేంతో చేశారో తెలియాలి. మన మేడల మీద నల్లటి నీళ్ల ట్యాంకులుంటాయే, కయాక్ పుట్టుక కూడా అచ్చం అదే. ఇనప అచ్చులో పాలిథీన్ పొడి పోసి, మూసి, కొలిమి లాంటి గదిలో పెట్టి అటూ ఇటూ రెండు దిక్కులా తిప్పుతారు. పొడి కరిగి అచ్చు గోడలకి అంటుకుంటుంది. చల్లారాక అచ్చు విప్పితే ఎక్కడా అతుకు లేని డొల్ల వస్తుంది. ట్యాంకూ అంతే, పడవా అంతే. మన ఇళ్లకొచ్చే పాలప్యాకెట్టు కూడా ఈ వంశంలోదే, కాకపోతే పల్చటి పొర.

ఈ పాలిథీన్ కథలో ఓ తమాషా ఉంది. 1933లో ఇంగ్లండులో ఐసీఐ అనే కంపెనీ ప్రయోగశాలలో ఫాసెట్, గిబ్సన్ అనే ఇద్దరు ఇథిలీన్ వాయువుని విపరీతమైన ఒత్తిడిలో వేడిచేస్తే పాత్ర గోడకి కాస్త తెల్లటి మైనం లాంటిది అంటుకుని కనిపించింది. మళ్లీ చేస్తే ఒకసారి వచ్చేది, ఒకసారి పేలేది. 1935 డిసెంబరులో మైకేల్ పెర్రిన్ బృందం మళ్లీ ప్రయత్నించినప్పుడు వాళ్ల పరికరం లీకయింది. తగ్గిన ఒత్తిడిని సరిచేయడానికి ఇంకొంచెం ఇథిలీన్ ఎక్కించారు. అందులో సరిగ్గా కావలసినంత ఆక్సిజన్ కల్తీ ఉండటంతో మైనం దండిగా తయారయింది. లీకేజీ పుణ్యమా అని పుట్టిన పదార్థంతో పడవ చేసి, అది లీకవుతోందని ఏడుస్తున్నాం మనం.

సరే, జిగురు ఎందుకు అంటదు? జిగురు ఏదైనా ఎదుటి వస్తువు మీద కాస్త విద్యుదావేశం అటూ ఇటూ ఒరిగిన అణువుల్ని పట్టుకుని వేలాడుతుంది. పాలిథీన్‌లో పొడుగాటి కార్బన్ గొలుసు, దాని చుట్టూ హైడ్రోజన్, అంతే. ఆవేశం ఎటూ ఒరగదు, పట్టుకోడానికి ఏమీ ఉండదు. పాలిథీన్ మీద నీటిచుక్క వేసి చూడండి, పరుచుకోకుండా గుండ్రంగా ముడుచుకుంటుంది. నీళ్లే తడపలేని చోట జిగురు ఏం తడుపుతుంది? ఇది తెలిసిన పరిశ్రమలవాళ్లు పాలిథీన్ డబ్బాల మీద అచ్చువేసే ముందు నీలం మంటని ఒక్క క్షణం అలా చూపించి తీసేస్తారు. ఆ వేడికి పైపొరకి కొంచెం ఆక్సిజన్ అతుక్కుంటుంది, అప్పుడు సిరా పట్టుకుంటుంది.

ఇక నీళ్ల సంగతి. లోపల నీళ్లు కనిపించగానే మనవాళ్లు పగులు కోసం వెతుకుతారు. పది పడవల్లో పగులున్నవి కొన్నే ఉంటాయి. చేపలు పట్టే కయాక్‌కి మనమే చిల్లులు పొడుస్తాం. గాలం కర్ర నిలబెట్టే గొట్టానికి నాలుగు స్క్రూలు, చేపల్ని చూపించే యంత్రం తీగకి ఒక బొక్క, లంగరు తాడుకి ఇంకో కొక్కెం. ప్రతి స్క్రూ ఒక చిల్లే. మీద కూర్చునే రకం కయాక్‌లో పై నుంచి అడుగు దాకా ఆరపారగా కనిపించే గొట్టాలుంటాయి. వాటిని చూసి కొత్తవాళ్లు హడలిపోతారు. అవి కూర్చునే చోట పడిన నీళ్లు కిందికి జారిపోవడానికి పెట్టినవి, పడవ పొట్టలోకి వాటికి దారి లేదు. కానీ చక్రాల బండి ఆ గొట్టాల్లోనే గుచ్చి పడవని ఈడుస్తారు కాబట్టి గొట్టం మొదట్లోనే పగుళ్లు ఎక్కువగా పుడతాయి. అక్కడ పగిలితే మాత్రం పొట్టలోకి దారి దొరికినట్టే. వెనక నీళ్లు వదిలే బిరడా రబ్బరు వాషరు ఎండిపోయినా, మూత అంచున ఇసుక రేణువు ఇరుక్కున్నా చాలు.

ఇవేవీ లేకుండా కూడా నీళ్లు పోతాయి. అది మా వాడికి చెబితే నమ్మలేదు. మే నెల ఎండలో కారు మీద కట్టిన పడవ లోపలి గాలి 50 డిగ్రీలకి చేరుతుంది. అందరూ భద్రం అని బిరడా గట్టిగా బిగించి ఉంచుతారు. అట్లాగే తీసుకెళ్లి 28 డిగ్రీల నీళ్లలో దింపుతారు. లోపల 300 లీటర్ల గాలి ఉందనుకోండి, చల్లబడేసరికి 20 లీటర్ల మేర కుంచించుకుంటుంది. పడవ ఒళ్లు కొంచెం లోపలికి సొట్టబడుతుంది. మిగతా లోటుని ఎక్కడ సందు దొరికితే అక్కణ్ణించి పీల్చుకుంటుంది. స్క్రూ పక్కన వెంట్రుకంత సందున్నా, అది నీటి మట్టానికి కింద ఉంటే, గాలికి బదులు నీళ్లు పీలుస్తుంది. మామూలుగా కారని సందు కూడా ఇలా లాగితే కారుతుంది. మందు చాలా చవక. ప్రయాణంలో బిరడా తీసి ఉంచాలి, పడవని నీళ్లలో దింపే ముందు నీడలో కాసేపు పెట్టి అప్పుడు బిగించాలి. బిగించడం మరిచిపోతే ఆ తర్వాత నన్ను అనకండి.

చిల్లు ఎంత ప్రమాదమో కూడా లెక్క కట్టొచ్చు. 1640లలో టోరిచెల్లీ అనే ఇటలీ ఆయన చెప్పిన సూత్రం ఉంది. నీటి మట్టానికి ఎంత లోతున చిల్లు ఉంటే, నీళ్లు అంత ఎత్తునుంచి పడిన రాయి వేగంతో లోపలికి దూకుతాయి. 10 సెంటీమీటర్ల లోతున 5 మిల్లీమీటర్ల చిల్లు ఉందనుకోండి. వేగం సెకనుకి 1.4 మీటర్లు. చిల్లు అంచుల దగ్గర ధార సన్నబడుతుంది, అది తీసేస్తే నిమిషానికి సుమారు ఒక లీటరు. వినడానికి చెంబెడే. గంటకి 60 లీటర్లు, అంటే 60 కిలోలు. మనిషీ సామానూ పోను పడవకి మిగిలిన మోత ఎంతో చూసుకుంటే గంటా గంటన్నరలో మునగాలి. కానీ అందాకా రానే రాదు, అంతకుముందే బోల్తా కొడుతుంది. లోపలున్న 20 లీటర్ల నీళ్లు ఒక చోట ఉండవు. మీరు చేపకోసం కుడికి వంగితే ఆ 20 కిలోలూ కుడికే పరిగెత్తుతాయి. బరువు పెరగడం కన్నా ఆ పరుగు చెడ్డది. అందుకే పడవ పొట్టలో అడ్డంగా నురుగు దిమ్మెలు కుక్కి పెడతారు. అవి నీళ్లకి చోటు లేకుండా చేస్తాయి, పరుగునీ ఆపుతాయి. లైఫ్ జాకెట్ గురించి నేను వేరే చెప్పను, అది లేకుండా ఎక్కేవాడితో నాకు మాటల్లేవు.

మన పాతకాలం పడవలవాళ్లకి కారడం అంటే ఇంత బెంగ ఉండేది కాదు. కోరమాండల్ తీరాన మసూలా పడవలుండేవి. పలకలకి అంచుల వెంబడి బొక్కలు పెట్టి కొబ్బరి పీచు తాళ్లతో కుట్టేవారు. లోపల ఇనప మేకు ఉండేది కాదు. కెరటం వచ్చి కొడితే పలకలు విరగకుండా కదిలి ఊరుకునేవి. కుట్ల సందుల్లోంచి నీళ్లు వస్తూనే ఉండేవి, తోడిపోయడానికే మనిషి ఉండేవాడు. రేవు కట్టని రోజుల్లో మద్రాసులో ఓడలు దూరంగా ఆగితే దొరల్నీ వాళ్ల పెట్టెల్నీ ఒడ్డుకి చేర్చింది ఆ కారే పడవలే. కృష్ణ మీద పుట్టి ఉంది, ఇప్పటికీ తిరుగుతోంది. వెదురు అల్లిక, దానికింద ఒకప్పుడు తోలు, ఇప్పుడు డాంబరు పూసిన పట్టా. పట్టా చిరిగితే ఇంకో ముక్క వేసి కాచిన డాంబరు పూస్తే అయిపోయింది. ఎందుకంత సులువు? బరువు మోసేది వెదురు, నీళ్లు ఆపేది పట్టా. ఒకటి చెడితే రెండోది చెడదు.

కయాక్‌లో ఆ పంపకం లేదు. బరువు మోసేదీ నీళ్లు ఆపేదీ ఒకే తోలు. కాబట్టి దాని మీది పగులుని వట్టి కారుడుగా చూడకూడదు. నీళ్లు ఆపేశాం కదా అని ఊరుకుంటే పగులు ఊరుకోదు, మీరు ఎక్కి దిగిన ప్రతిసారీ ఇంకాస్త ముందుకి నడుస్తుంది. మా వాడు అడుగున దొరికిన పగులు మధ్యలో అంత మందాన ఎంసీల్ పూసి, అది ఎక్కడ ఆగిందో చూడనే లేదు. అసలు పని పగులు కొస దగ్గర ఉంది.

ఎందుకో చెబుతాను. 1913లో చార్లెస్ ఇంగ్లిస్ అనే కేంబ్రిడ్జి అధ్యాపకుడు పడవలు, ఓడలు కట్టే ఇంజనీర్ల సభకి ఒక పత్రం సమర్పించాడు. రేకు మీద చిల్లు ఉంటే దాని అంచున లాగుడు ఎన్ని రెట్లు పెరుగుతుందో అందులో లెక్క కట్టాడు. గుండ్రటి చిల్లయితే మూడు రెట్లు. సన్నటి పగులయితే కొస ఎంత వాడిగా ఉంటే అంత ఘోరం. 2 సెంటీమీటర్ల పగులు తీసుకోండి, కొస గుండ్రదనం మిల్లీమీటరులో పదో వంతు వ్యాసార్ధం అనుకోండి. కొస దగ్గర లాగుడు 21 రెట్లు! పడవ మొత్తం మీద ఒక కిలో లాగుడు ఉన్నచోట కొస దగ్గర 21 కిలోలన్నమాట. పగులు ఇంకా పొడుగయ్యేకొద్దీ అది ఇంకా పెరుగుతుంది, అందుకే మొదట నెమ్మదిగా పాకి ఒక రోజు పటుక్కున తెగుతుంది. ఇప్పుడు ఆ కొస మీద 6 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టుతో చిన్న చిల్లు వేయండి. కొస గుండ్రదనం 3 మిల్లీమీటర్లయింది. లాగుడు 21 నుంచి దాదాపు ఐదు రెట్లకి పడిపోయింది. కారే పడవకి ఇంకో చిల్లు వేయమంటున్నాడు ముసలాయన, మతి పోయింది అనుకున్నాడు మా వాడు. విమానాలు బాగుచేసేవాళ్లూ వంతెనలు చూసేవాళ్లూ ఇప్పటికీ చేసేది అదే.

ఇదే చిల్లుతో బండని చీల్చేవాళ్లు కూడా మన దగ్గరే ఉన్నారు. హైదరాబాదు కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, బూడిదరంగు, గులాబిరంగు రాయి. ఉప్పల్ రోడ్డు మీద భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో దాని వయసూ లోపలి బీటలూ చదివే శాస్త్రజ్ఞులున్నారు. చదవకుండానే దాని గుట్టు పట్టినవాళ్లు వడ్డెరలు. బండ మీద ఒకే వరసలో చిల్లులు తొలిచి, వాటిలో ఇనప చీలలు దించి, ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా కొడుతూ పోతారు. చెవి పెట్టి వింటారు. చప్పుడు మారిందంటే పగులు ఒక చిల్లు నుంచి ఇంకో చిల్లుకి నడిచిందన్నమాట. కాసేపటికి బండ గీత గీసినట్టు రెండవుతుంది. పడవకి కూడా ఇది వర్తిస్తుంది. పగులు కొస మీద ఒక్క చిల్లు వేస్తే పగులు ఆగుతుంది. అదే గాలం గొట్టం కోసం నాలుగు స్క్రూలు ఒకే గీత మీద దగ్గర దగ్గరగా బిగిస్తే బండకి చేసినట్టే పడవకీ చేశామన్నమాట. స్క్రూలు ఎడంగా, గీత తప్పి ఉండాలి, కింద వెడల్పు వాషరు ఉండాలి.

కొస కంటికి కనిపించేచోట ఉండదని కూడా గుర్తుంచుకోండి. పగులు మీద పెన్ను సిరా రాసి, పడవని కొంచెం వంచి పట్టుకుని, పైన తడిగుడ్డతో తుడిచేస్తే సిరా పగులులోనే మిగిలిపోయి సన్నగీతలా కనిపిస్తుంది. మీరు అనుకున్నచోటుకి ఇంకో సెంటీమీటరు అవతల దాకా పోయి ఉంటుంది. చిల్లు అక్కడ వేయాలి.

ఆ తర్వాత అతుకు. పాలిథీన్‌కి పాలిథీనే మందు. అది సుమారు 125, 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కరిగిన రెండు ముక్కల గొలుసులు ఒకదాంట్లోకి ఒకటి దూరి చల్లారాక ఒకటైపోతాయి. అందుకే వేడిగాలి గన్నుతోనో సోల్డరింగ్ ఇనుముతోనో వెల్డింగ్ చేస్తారు. పూరకంగా అదే జాతి ప్లాస్టిక్ కడ్డీ కావాలి. ఏ జాతో తెలియకపోతే చిన్న తునక కోసి నీళ్లలో వేయండి, పాలిథీన్ తేలుతుంది. నిప్పంటిస్తే కొవ్వొత్తి ఆర్పినప్పటి వాసన వస్తుంది. ఘాటుగా, ముక్కు మండేట్టు వస్తే అది పీవీసీ, ఆపేయండి. ముందు పగులు వెంబడి కత్తి మొనతో ఇంగ్లిషు వి ఆకారంలో గాడి తీయాలి, రెండు వైపులా వేలి వెడల్పున పైపొర గీకేయాలి. ఎండకి పాతబడిన పొర సున్నంలా తెల్లబారి ఉంటుంది, దాని మీద వెల్డింగ్ నిలవదు. గీకినప్పుడు పొట్టు మెలికలు తిరిగి సాగుతూ వస్తే ప్లాస్టిక్ బతికే ఉంది. పొడిగా రాలితే ఆ చోట చచ్చిపోయింది. నల్ల ట్యాంకు ఏళ్ల తరబడి ఎండని ఎట్లా తట్టుకుంటుందంటే దాంట్లో రెండు రెండున్నర శాతం మసి కలుపుతారు. మసి ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని మింగేస్తుంది. మా వాడి పడవ నారింజ రంగు. చూడ్డానికి బాగుంటుంది, ఎండకి పాపం అంత కాపుదల లేదు. మేడ మీద పడేయకుండా మెట్ల కింద పెట్టమన్నాను.

గన్ను పట్టుకున్నాక తొందర పనికిరాదు. పాలిథీన్ మెరవడం మొదలవుతుంది, అంచు కొంచెం తేటబడుతుంది, అప్పుడే కడ్డీ నొక్కాలి. పొగ వచ్చిందంటే మాడుతోందని అర్థం. మాడిన ప్లాస్టిక్ పైకి బాగానే అతుకుతుంది, చల్లారాక పెళుసై మళ్లీ విరుగుతుంది. కడ్డీ ఒక్కటే కరిగి అడుగు కరగకపోతే ఎంసీల్ కథే మళ్లీ. పెద్ద పగులయితే స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ ముక్కని కరిగిన పొరలో ముంచి దాని మీద ఇంకో పొర వేస్తారు. చేత కాకపోతే నాచారం, చర్లపల్లి షెడ్లలో యాసిడ్ ట్యాంకులు చేసేవాళ్లు రోజూ చేసే పనే ఇది. ప్లాస్టిక్ పనులు నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపెట్ కూడా చర్లపల్లిలోనే ఉంది.

ఇంకో మాట. పడవ జిడ్డయిందని బట్టల సబ్బు పొడి దట్టంగా కలిపి రుద్ది, కడక్కుండానే కారు మీద తాళ్లతో బిగించి ఎండలో పెట్టేవాళ్లున్నారు. సబ్బు పాలిథీన్‌ని కరిగించదు. కానీ లాగుడులో ఉన్న పాలిథీన్‌కి సబ్బు తగిలితే గొలుసుల మధ్యకి దూరి పగుళ్లని త్వరపెడుతుంది. పరిశ్రమల్లో ప్లాస్టిక్ గట్టిదనాన్ని పరీక్షించడానికి వంచిన ముక్కల్ని సబ్బునీళ్లలోనే ముంచి పెడతారు. కడిగితే తప్పులేదు, తర్వాత మంచినీళ్లు పోయాలి, తాళ్లు వదులుగా కట్టాలి.

ఫైబర్ పడవ అయితే దారి వేరు. అది గాజు నారకి రెజిన్ పట్టించింది, జిగుర్లన్నీ దానికి పడతాయి, ఎంసీల్ కూడా. కానీ పగులు మీద మందంగా పూయడం అక్కడా పనికిరాదు. నాణెంతో చుట్టూ కొడుతూ పోవాలి. టక్కుమన్నచోట బాగుంది, డొప్పు చప్పుడొచ్చినచోట లోపల పొరలు విడిపోయాయి. ఆ డొప్పు దాకా గీకి, అంచుల్ని ఏటవాలుగా చేసి, 5 మిల్లీమీటర్ల మందానికి 6 సెంటీమీటర్ల వెడల్పు వాలు అనుకోండి, పూర్తిగా ఆరాక గాజునార మాట్ ముక్కలు చిన్నదీ పెద్దదీ ఒకదాని మీద ఒకటి వేసి రెజిన్ పట్టించాలి. హార్డనర్ వందకి ఒకటీ రెండు పాళ్లు మించకూడదు. త్వరగా గట్టిపడాలని ఎక్కువ పోస్తే కాగి కాగి అదే పగులుతుంది. రెజిన్‌లో కలిపే కోబాల్టునీ హార్డనర్‌నీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయనే కూడదు, భగ్గుమంటాయి. కళ్లద్దాలు, మూతికి గుడ్డ లేనిదే ఆ పని ముట్టుకోకండి.

చివరికి పరీక్ష. మా వాడు పంక్చరు షాపు కంప్రెసర్‌తో గాలి కొట్టి సబ్బునురగ రాద్దామన్నాడు. ఆ మాటకి మాత్రం గట్టిగానే అరిచాను. వాతావరణ పీడనంలో పదో వంతు ఎక్కువ గాలి ఎక్కించినా చదరపు మీటరుకి టన్ను బరువు పడుతుంది. పడవ ఉబ్బి పగులుతుంది, పగిలితే ముక్కలు ఎగురుతాయి. 1954లో కామెట్ జెట్ విమానాలు రెండు, మూడు నెలల తేడాలో మధ్యధరా సముద్రంలో పడిపోయినప్పుడు ఫార్న్‌బరోలో ఒక విమానం ఒంటిని పెద్ద నీళ్ల తొట్టిలో పెట్టి, లోపల గాలికి బదులు నీళ్లే నింపి ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ పరీక్షించారు. గాలి నొక్కుకుపోయి శక్తిని దాచుకుంటుంది, తెగితే బాంబే. నీళ్లు నొక్కుకోవు, తెగితే కారి ఊరుకుంటాయి. కిటికీ మూల దగ్గర మొదలైన పగులు అట్లాగే దొరికింది.

మనమూ నీళ్లే పోద్దాం. పడవని రెండు బల్లల మీద పెట్టి, బయట అంతా పొడిగుడ్డతో తుడిచి, అనుమానం ఉన్నచోటల్లా పొడి ముగ్గుపిండి చల్లండి. లోపల బకెట్‌తో నీళ్లు పోయండి. తెల్లటి పిండి మీద ఎక్కడ తడి మచ్చ పడితే అదే చోటు, కంటికి కనిపించని చెమ్మ కూడా పిండికి కనిపిస్తుంది. మచ్చ పడినచోట పెన్సిల్‌తో గుండ్రం చుట్టండి. నాలుగు వేళ్ల మట్టం చాలు. నిండా నింపితే 300 కిలోలు, మీ బల్లలు ఆగవు. ఆగినా మేడ కింద అద్దెకున్నవాళ్లు ఊరుకోరు.